మాట పెగలనప్పుడు



ఐ.సి.యు.లో వెంటిలేటర్ పెట్టేటప్పుడు గొట్టాన్ని స్వరతంత్రుల మధ్యగా ఊపిరిగొట్టంలోకి దింపుతారు. ఇక గాలి స్వరతంత్రులకు తగలదు, గొంతు పలకదు. మత్తు తగ్గాక రోగికి తెలివి వస్తుంది, అన్నీ వినబడతాయి, చెప్పడమే చేతకాదు. ఏదో సైగ చేద్దామని చెయ్యెత్తితే గొట్టం పీకేసుకుంటాడేమోనని ఒక్కోసారి చేతులు కట్టేస్తారు. నేను నర్సుల్ని తప్పుపట్టను. గొట్టం ఊడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడ అక్కరకొచ్చేది ఒక అట్టముక్క. నొప్పి, దాహం, చలి, ఊపిరాడడం లేదు, పక్కకు తిప్పండి, మా వాళ్ళను పిలవండి అని దానిమీద బొమ్మలుంటాయి. రోగి వేలితో చూపిస్తాడు. వేలు లేవకపోతే సిస్టరే ఒక్కొక్కటీ చూపుతూ అడుగుతుంది. ఇంగ్లీషువాళ్ళు అక్షరాల పలక కూడా వాడతారు. వాళ్ళకేం, 26 అక్షరాలే! మన గుణింతాలూ ఒత్తులూ కూడబలుక్కునే లోపల రోగి సొమ్మసిల్లుతాడు. ఫ్రాన్సులో జాఁ డొమినిక్ బోబీ అనే సంపాదకుడు 1995లో పక్షవాతంతో పడిపోయి, ఎడమకంటి రెప్పతోనే అక్షరాలు ఎంచి పుస్తకం రాయించాడు. అది 1997లో అచ్చయింది. అంత ఓపిక అందరికీ ఉండొద్దూ?

కనుక మనకు బొమ్మలే మేలు. వాటి కింద ఇంటి మాట రాయాలి. మా గోదావరిఖని వైపు దాహాన్ని 'దూప' అంటారు. కేరళ నుంచి వచ్చిన సిస్టరమ్మకు ఆ మాట ఎవరు చెప్పాలి? మనమే రాసివ్వాలి. దూప అన్నాడని నీళ్ళు తాగించరనుకోండి, పెదవులు తడిపినా ప్రాణం లేచొస్తుంది.

తల ఊపడాన్ని మాత్రం నమ్మకండి. మనవాళ్ళు ఔననడానికీ అడ్డంగానే ఊపుతారు! రెప్ప ఒకసారి వేస్తే ఔను, రెండుసార్లు వేస్తే కాదు అని ముందే ఒప్పందం చేసుకోవాలి. బాయిలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. ఎన్ని గంటలు కొడితే ఏమిటో అక్కడ బోర్డు మీద రాసే ఉంటుంది, నడుస్తున్నదాన్ని ఆపడానికి ఒక్క గంట. అలాగే మంచం తలాపున రాసి అంటించాలి. షిఫ్టు మారినప్పుడల్లా సిస్టర్ మారుతుంది, గుర్తు మారకూడదు కదా!

కళ్ళజోడు, చెవిమిషను ఇంటి దగ్గర మరచిపోకండి. ముందుగా తెలిసిన ఆపరేషనైతే, గొట్టం పడే అవసరముందా అని డాక్టరుగారిని అడిగి, రోగికి మాట ఉన్నప్పుడే అట్ట చూపించి నేర్పండి. గొట్టం తీశాక కూడా కొన్నాళ్ళు గొంతు బొంగురుపోయి ఉండవచ్చు. అట్ట అప్పుడే పారెయ్యకండి.