నాణ్యతకు జమాఖర్చు



ఉర్దూలో పాఠాలు చెప్పుకునే మాకు వంటశాలల సంగతి ఎందుకని మీరనుకోవచ్చు. కాని మనలో బేకరీలు, హోటళ్లు నడిపేవారు, విందులకు దేగ్‌లు వండేవారు ఉన్నారు. "నాణ్యతా పద్ధతులంటే ఖర్చే గాని లాభమేమిటి మాస్టారూ?" అని అడుగుతుంటారు. నల్లబల్ల మీద ఒకవైపు ఖర్చు, ఒకవైపు జమ వ్రాసి చూద్దాం.

1960 దశాబ్దంలో అమెరికాలో అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం హెచ్.ఎ.సి.సి.పి. అనే పద్ధతి పుట్టినది. దాని సారాంశం చిన్నదే. తయారైన సరుకును చివర పరీక్షిస్తే చాలదు. అపాయం ఎక్కడ చొరబడునో ముందే గుర్తించి, అక్కడే కాపలా కాసి, వ్రాసిపెట్టుకోవాలి.

ఖర్చు మాట నిజమే. 1997 ఆగస్టులో ఐరోపా సంఘం మన దేశపు చేపలు, రొయ్యల దిగుమతిని ఆపివేసింది. తరువాత తనిఖీలో నెగ్గిన ఫ్యాక్టరీలకే తలుపు తెరిచారు. నీటి శుద్ధి, ఐసు, ప్రయోగశాల, అన్నిటికీ డబ్బు పోయవలసి వచ్చింది. స్థోమత లేనివారికి ఆ బజారు దూరమైంది. సర్టిఫికెట్టు ఫీజు, ఏటేటా తనిఖీ పెద్దవానికి చిల్లర. చిన్నవానికి నడుము విరిచే బరువు.

ఇక జమ. ఉడికిన మాంసంలో కూడా కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావవు. రాత్రి వండిన దేగ్‌ను మూతపెట్టి వదిలేస్తే నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండి, అవి అక్కడ పెరుగుతాయి. రుచిలో, వాసనలో తేడా తెలియదు. వడ్డించేదాకా 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి. లేదా లోతు తక్కువ పాత్రలలో పంచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. దీనికి కావలసింది ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం, శ్రద్ధ గల ఒక కుర్రవాడు. పారబోసే సరుకు కూడా తగ్గును. అసలు జమ మాత్రం ఏ ఖాతాలోను కనబడదు. జబ్బు పడని బిడ్డ తండ్రి వచ్చి మనకు షుక్రియా చెప్పడు కదా!

కనుక మేము చెప్పేదేమంటే, 2006 నాటి చట్టం కోరే రిజిస్ట్రేషను గాని, లైసెన్సు గాని ఎవరికీ తప్పదు. దానిపైన ఖరీదైన సర్టిఫికెట్టు, కొనేవాడు అడిగినప్పుడు చూసుకోవచ్చు. కాని కాపలా మాత్రం ఈ రోజే మొదలుపెట్టాలి. ఒక్కొక్కరికి భారమైతే పదిమంది కలిసి ఒక శిక్షకుణ్ణి పిలిపించుకుందాం. అందుకు మన సొసైటీ పూనుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.