అడవికి నిప్పు ఎవరు పెడుతున్నారు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా హైటెక్ సిటీలో మన ఉద్యోగ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఎండాకాలం రాగానే నల్లమలలో మంటలని వార్త వస్తుంది. ఆఫీసులో పక్క సీటు స్నేహితుడు మిమ్మల్ని అడుగుతాడు: "ఇప్పపువ్వు కోసం మీవాళ్లే పెడతారంట కదా?" దానికి కోపం తెచ్చుకోనక్కర్లేదు, తల దించుకోనక్కర్లేదు. జవాబు తెలిసి ఉంటే చాలు.

అడవి తగలబడాలంటే మూడూ కలవాలి: కాలడానికి ఎండుటాకు, దాన్ని ఎండబెట్టే వాతావరణం, ఒక నిప్పురవ్వ.

మొదటిది అడవి. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, గడ్డి ఎండుతుంది. మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. పెద్ద చెట్టు చాలావరకు తట్టుకుంటుంది. మొలకలు, నేల మీది పక్షి గుడ్లు, తాబేళ్లు తట్టుకోలేవు. ఏటా కాలితే కొత్త చెట్టు పైకి రాదు.

రెండోది వాతావరణం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. గాలిలో ఆ తేమ లేకపోతే ఆకు నుంచీ నేల నుంచీ పీలుస్తుంది. వానలు బాగా పడిన ఏడాది గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఆ తర్వాత ఎండలు ముదిరితే ఆ గడ్డే మంటకు మేత. అందుకే వాన బాగా పడిందని నిశ్చింతగా ఉండలేం.

మూడోది మనిషి. మన దేశంలో అడవి మంటల్లో చాలావాటికి మనుషులే కారణం. ఇప్పచెట్టు కింద పువ్వు కనబడాలని ఆకు కాల్చే అలవాటు మనలో ఉంది, దాచనక్కర్లేదు. కానీ తునికాకు కొత్త చిగురు కోసం, పశువుల మేత కోసం పెట్టే నిప్పూ ఉంది. శ్రీశైలం రోడ్డు మీద కారులోంచి విసిరిన సిగరెట్ ముక్క ఉంది. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి, సరిగ్గా ఆకు ఎండిన రోజుల్లో వస్తుంది. వేలమంది వస్తారు, వంటలు చేస్తారు. ఇన్ని చేతులుండగా ఒక్క చేతినే చూపిస్తే మంట ఆగదు.

ఇక మంటను ఆర్పే చేతులెవరివి? అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అంత అడవిలో పొగ ఎటు లేచిందో, గాలి ఎటు తిరుగుతుందో చూసి చెప్పేది పెంటల్లోని చెంచులు. అటవీశాఖ ఫైర్ వాచర్లుగా తీసుకునేదీ వాళ్లనే. పెంటలు ఖాళీ చేయించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేయాలి.

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఎండలు ముదరక ముందే చిన్న మంటలు పెట్టి ఆకు చెత్త తగ్గించేవాళ్లు. 1974లో అది అభయారణ్యమైంది, ఆ మంటలు ఆగిపోయాయి. తర్వాత లాంటానా కంప అడవంతా అల్లుకుంది. ఎండితే అదే పెద్ద మంటకు కట్టెలమోపు. అంతమాత్రాన రేపే వెళ్లి నిప్పు పెట్టమని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్నారని, వాళ్ల మాట వినాలని అంటున్నాను.

మీ చేతిలో ఉన్న పని చెబుతాను. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుతుంది. ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే ఉపగ్రహానికి కనబడేది ఒక చుక్క, సుమారు 375 మీటర్ల గడి. అది ఏ వాగు పక్కనో, ఏ పెంట దగ్గరో ఊరివాళ్లకే తెలుసు. మ్యాపుల మీద పనిచేసే మీరు ఆ చుక్కలకు మన పేర్లు జోడించండి, ఊళ్లో కుర్రాళ్ల ఫోన్లకు చేరవేయండి. ఇంట్లో అమ్మకూ, అత్తకూ చెప్పండి: ఇప్పచెట్టు కింద ఆకు ఊడ్చి, పాత చీరో వలో పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, నిప్పు అక్కర్లేదు. శని ఆదివారాల్లో స్నేహితులతో శ్రీశైలం వెళ్తే అడవిలో పొయ్యి వెలిగించనివ్వకండి.

2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి పట్టా మాత్రమే ఇవ్వలేదు. అడవిని కాపాడుకునే హక్కును, బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. మాఘమాసంలోనే గ్రామసభ కూర్చుని, ఈ ఏడు ఎటు కాపలా, ఎవరెవరు అని తీర్మానం రాసుకోవాలి. ఆ రోజుకు సెలవు పెట్టి ఊరికి వెళ్లండి. పక్క సీటు స్నేహితుడికి అదే మన జవాబు.