మరణ ధ్రువపత్రం మీద సంతకం ఎవరిది?

ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు డాక్టరు ఒక కాగితం రాసివ్వడం మీలో కొందరైనా చూసి ఉంటారు. మరణానికి కారణం అందులో ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, చివరి జబ్బులో వైద్యం చేసిన డాక్టరే దాన్ని ఇవ్వాలి. సబబే కదా, రోగి సంగతి ఆయనకే బాగా తెలుసు. మరి ప్రాణం తీసింది ఆ డాక్టరే అయితే? ఇంగ్లండులో ఇది నిజంగానే జరిగింది.

మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ మంచి పేరున్న డాక్టరు. కబురు చేస్తే ఇంటికే వచ్చేవాడు. ముసలివాళ్లకు అతనంటే గురి. ఆ ఇళ్లలోనే వాళ్లకు డయామార్ఫిన్ మందును ప్రాణం తీసే మోతాదులో ఇంజెక్షను చేసేవాడు. ఆ తరవాత గుండెజబ్బనో, వార్ధక్యమనో రాసి తానే సంతకం పెట్టేవాడు.

అప్పట్లో అక్కడ శవాన్ని దహనం చేయాలంటే రెండో డాక్టరు సంతకం కూడా కావాలి. షిప్‌మన్ అందుకోసం దగ్గరలోని మరో క్లినిక్కుకు వెళ్లేవాడు. 1998 మార్చిలో అక్కడి డాక్టరమ్మ ఒకరు లెక్క వేసి చూశారు. మూడు నెలల్లో, సుమారు 9,500 మంది రోగులున్న తమ క్లినిక్కులో 14 మంది పోయారు. సుమారు 3,000 మంది ఉన్న షిప్‌మన్ దగ్గర 16 మంది! మీరూ కాగితం మీద వేసి చూడండి. వెయ్యికి ఒకటిన్నర ఒకచోట, అయిదుకు పైగా మరోచోట. శవాలను తీసుకువెళ్లే సంస్థవాళ్లు ఇంకొకటి గమనించారు: పోయినవాళ్లు చాలామంది మంచం మీద కాదు, పూర్తిగా బట్టలు వేసుకుని కుర్చీల్లో కూర్చుని ఉండేవారు.

పోలీసులు విచారించి, ఏమీ లేదని ఏప్రిల్లో మూసేశారు. దొంగ ప్రిస్క్రిప్షన్లతో పెథిడిన్ సంపాదించినందుకు 1976లోనే అతనికి జరిమానా పడింది. ఆ పాత సంగతైనా వాళ్లు తీసి చూడలేదు. ఆ తరవాత మరో ముగ్గురు బలయ్యారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే.

ఆఖరున పోయిన 81 ఏళ్ల ఆమె ఆస్తంతా డాక్టరుకే రాసినట్టు ఒక వీలునామా బయటికొచ్చింది. ఆమె కూతురు లాయరు. అది దొంగ వీలునామా అని పట్టేసింది. శవాన్ని తవ్వి తీస్తే కండరాల్లో మందు దొరికింది. రోగులకు ముందే జబ్బు ఉన్నట్టు షిప్‌మన్ తన కంప్యూటరులో తరవాత రాసుకున్నాడు గానీ, ఏ రోజు, ఏ గంటకు రాశాడో ఆ యంత్రం దాచి ఉంచింది. 2000 జనవరిలో 15 హత్యలకు యావజ్జీవ శిక్ష పడింది. జడ్జి జానెట్ స్మిత్ విచారణ 2002లో తేల్చిన సంఖ్య 215. ఎందుకు చేశాడో చెప్పకుండానే అతను 2004లో జైల్లో చనిపోయాడు. ప్రతి మరణాన్నీ సంబంధం లేని మరో వైద్యాధికారో, మరణ విచారణాధికారో చూసి తీరాలన్న నియమం ఇంగ్లండు, వేల్స్‌లలో 2024 సెప్టెంబరులో గాని రాలేదు.

ఇంతవరకు విని, లెక్క వేస్తే చాలు, దొంగ దొరుకుతాడు అనుకుంటున్నారా? నెదర్లాండ్స్‌లో అలాగే అనుకున్నారు. హేగ్ నగరంలో లూసియా డి బెర్క్ అనే నర్సు డ్యూటీలో ఉండగా మరణాలు ఎక్కువయ్యాయని 2001లో అరెస్టు చేశారు. ఇది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 34 కోట్ల 20 లక్షల్లో ఒక వంతని కోర్టుకు చెప్పారు. 2003లో యావజ్జీవ శిక్ష పడింది. కిటుకు ఎక్కడుందంటే, ఆమె మీద అనుమానం పడ్డాక ఆమె డ్యూటీలో జరిగినవాటినే వెతికి 'అనుమానాస్పదం' అని ముద్ర వేశారు. ఆ వార్డులో ఆమె చేరకముందు మూడేళ్లలో ఏడుగురు పిల్లలు పోయారు. ఆమె ఉన్న మూడేళ్లలో ఆరుగురు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినవారు లేకపోయారు. గణాంక శాస్త్రవేత్తలు పట్టుబట్టగా కేసు తిరగదోడారు. 2010లో నిర్దోషి అని తీర్పు వచ్చింది. అప్పటికే ఆమె ఆరేళ్లకు పైగా జైల్లో గడిపింది, అక్కడే పక్షవాతం వచ్చింది.