“కాల్పులు జరిగినవి!”

(పఠనమందిర వార్షికసభలో చేసిన యుపన్యాసము)



విద్యార్థులు వీధికెక్కిన మఱునాటి ఉదయమున పత్రికలు వాడు భాషను గూర్చి నాలుగుమాటలు చెప్పవలెనని వచ్చితిమి. “విద్యార్థులు రెచ్చిపోయిరి,” “రాళ్లు రువ్విరి,” “బస్సు అద్దములు పగులగొట్టిరి” — ఈ వాక్యములన్నిటను కర్త స్పష్టముగ నుండును. తరువాతి వాక్యమునకు వచ్చుసరికి “స్వల్పముగా లాఠీఛార్జి జరిగినది,” “కాల్పులు జరిగినవి” అని యుండును. వాన కురిసినట్లు, గాలి వీచినట్లు, కాల్పులు తమంత తామే జరుగును! తుపాకి యెవరిదో, ఆజ్ఞ యెవరిచ్చిరో ఆ వాక్యమునకు అక్కఱలేదు. తల పగిలినవానికి ‘స్వల్ప’ మను విశేషణ మెంత యూరట నిచ్చునో మేమెఱుగము.

మన యూరి దృష్టాంతమును దీసికొన్నచో ఈ సభ రెండు పక్షములగును. కావున ఇచట నెవ్వరికిని చుట్టరికము లేని దూరదేశపు వ్యాజ్యె మొకదానిని మీ ముందుంచుచున్నాము.

1970 ఏప్రిల్ 30వ తేదీన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తమ సేనలు కంబోడియాలో ప్రవేశించుచున్నవని ప్రకటించెను. ఒహాయో రాష్ట్రమందలి కెంట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దానిని నిరసించిరి. మే 1వ తేదీ రాత్రి కొందరు పట్టణమున అంగళ్ల అద్దములు పగులగొట్టిరి. మఱునాటి రాత్రి విశ్వవిద్యాలయమున సైనికశిక్షణ భవనమును తగులబెట్టిరి. ఈ సంగతులను మేము దాచము. నేషనల్ గార్డు సైనికులు దిగిరి. 3వ తేదీన గవర్నరు విలేఖరులను సమావేశపఱచి, ఆ యువకులు హిట్లరు నాటి గోధుమచొక్కాలవారికంటె చెడ్డవారనెను. పత్రిక లామాట నచ్చువేసినవి. 4వ తేదీ మధ్యాహ్నము సైనికులు 13 సెకండ్లలో 60కి పైగా గుండ్లు పేల్చిరి. నలుగురు విద్యార్థులు మరణించిరి. 9 మంది గాయపడిరి. మృతులలో ఇద్దరు నిరసనలో లేనేలేరు, తరగతికి పోవుచుండిరి. వారిలో నొకడు సైనికశిక్షణ పొందుచున్న విద్యార్థియే! మృతులలో సైనికులకు అతిసమీపమున నున్నవాడు సైతము 250 అడుగులకు పైబడిన దూరమున నుండెను. అంతదూరమునుండి విసరిన రాయి ఎవరి ప్రాణము తీయునో ఊహింపుడు.

ఇక పత్రికల సంగతి. తొలివార్తలలో మరణించినది సైనికులని వచ్చెను. సమీపపట్టణపు పత్రిక యొకటి ఇద్దరు సైనికులు, ఒక విద్యార్థి చనిపోయిరని పెద్ద యక్షరములతో ముద్రించెను. ఎవరో చాటునుండి సైనికులపై తుపాకి పేల్చెనను అధికారుల మాటయు ప్రాకినది. అట్టివాడున్నట్లు ఎన్నడును రుజువు కాలేదు. ఆ మాసముననే న్యూస్‌వీక్ పత్రిక కొఱకు గాలప్ సంస్థవారు ప్రజాభిప్రాయమును సేకరింపగా, నూటికి 58 మంది తప్పు విద్యార్థులదే యనిరి. సైనికులదన్నవారు 11 మంది. అధ్యక్షుడే నియమించిన స్క్రాంటన్ సంఘము ఆ కాల్పులు అనవసరములు, అక్షంతవ్యములు అని తేల్చునప్పటికి ఆకురాలు కాలము వచ్చెను. ఆ వెనుకనే, అక్టోబరులో, అచటి గ్రాండు జూరీవారు 25 మందిపై నేరము మోపిరి. ఆ 25 మందిలో సైనికు డొక్కడును లేడు, అత్యధికులు విద్యార్థులు. జూరీవారును పత్రికలు చదువువారే కదా!

పత్రికలన్నిటిని ఒకే గాటను కట్టుట యన్యాయము. ఆక్రన్ బీకన్ జర్నల్ విలేఖరి విశ్వవిద్యాలయమున టెలిఫోను తీగను తెగనీయక పట్టుకొని, మరణించినది నలుగురు విద్యార్థులేయని తొలిదినముననే సరిగా తెలిపెను. 1971లో ఆ పత్రికకు పులిట్జరు బహుమానము లభించినది. నిజము తెలిసికొనుట కష్టమే కాని యసాధ్యము కాదు.

మే 15వ తేదీన, ఇంకను తెల్లవారకమునుపే, మిసిసిపీ రాష్ట్రమున జాక్సన్ కళాశాలలో పోలీసులు కాల్చి ఇద్దరిని చంపిరి. 12 మందిని గాయపఱచిరి. అది నల్లజాతివారి కళాశాల. కెంటునకు దక్కినంత చోటు పత్రికలలో దానికి దక్కలేదు. ఈ సభలో కెంటు పేరు విన్నవారిలో జాక్సను పేరు విన్నవారెందరు?

మేమును ఊరేగింపులలో వాలంటీర్లుగా మంచినీళ్లు మోసినవారము. మూడుగంటలు ఎండలో బారులుతీరి నడచినవారి సంగతి ఒక పంక్తితో ముగియుటయు, కడపట విసరిన రాయి శీర్షిక యగుటయు కన్నులార చూచితిమి. ఇందు విలేఖరి ద్వేషమే కారణమనము. అచ్చునకు వేళ మించుచుండును. పోలీసు అధికారి యొక్క ప్రకటన టైపుచేయబడి చేతికి వచ్చును. విద్యార్థులు నలుగురు నాలుగు విధములుగ చెప్పుదురు. ఆస్పత్రిలో నున్నవాడు చెప్పలేడు.

కాని న్యాయస్థానమున ఏమి జరుగునో చూడుడు. ముద్దాయి పోలీసు అధికారితో నేర మొప్పుకొన్నను, ఆ యొప్పుకోలును వానిపై రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్యశాసనపు 25వ సెక్షను విధించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును 23వ సెక్షనులో ఆ నియమమునే నిలిపినది. ఇక పత్రికలోని వార్త వినికిడి సాక్ష్యమేకాని, దానంతట నది రుజువు కాదని 1988లో, తమిళనాడునుండి వచ్చిన యొక యప్పీలులో, సుప్రీంకోర్టు చెప్పినది. ఇట్లు న్యాయస్థానపు గడప దాటలేని మాటను మనము ఉదయము కాఫీతోపాటు పుచ్చుకొని, సాయంకాలమునకు అరుగుమీద కూర్చుండి పరుల బిడ్డలపై తీర్పు చెప్పుచున్నాము. మన బిడ్డ ఆ గుంపులో నున్ననాడు మాత్రము “పత్రికలవారికేమి, ఏమైనను వ్రాయుదురు” అందుము.

ఒక చిన్న మనవి. ఈ మందిరమున మూడుమాసముల కొకసారి పాతపత్రికలను తూకమునకు అమ్ముచున్నారని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. విద్యార్థులపై లాఠీగాని తుపాకిగాని ఎత్తిన మఱునాటి సంచికలను ఆ తూకమునుండి తప్పింపుడు. విచారణ నివేదిక వెలువడుదాక బీరువాలో దాచి, వెలువడిననాడు రెంటిని ఈ బల్లమీదనే ప్రక్కప్రక్కన పఱచుడు. బీరువాకగు ఖర్చులో సగము మేమిత్తుము. తక్కిన సగము సభవారు చూడవలెను.