పోలండ్ బొమ్మలు, కొరియా అక్షరాలు



దేశాల మధ్య సాంస్కృతిక వినిమయం అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? ఒక దేశం నుంచి నృత్య బృందం వస్తుంది. మన దేశం నుంచి చిత్రకళా ప్రదర్శన వెళుతుంది. ఇరుపక్షాలూ చప్పట్లు కొడతాయి. ఇది మంచిదే. అయితే ఇందులో ఎవరి కళను వారు చూపించుకోవడమే ఎక్కువ. ఎదుటివారి దగ్గర నేర్చుకుని పనిచేయడం తక్కువ. ఈ రెండోది జరిగితే ఎలా ఉంటుందో ఒక పోలండ్ చిత్రకారిణి కృషి ఆధారంగా ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

ఆమె పేరు ఇవోనా హ్మ్యెలెవ్‌స్కా. 1960లో పుట్టారు. కోపర్నికస్ జన్మించిన తోరున్ నగరంలో, ఆయన పేరిట ఉన్న విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ కళ చదువుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పోలండ్‌లో పేరున్న చిత్రకారులు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడాన్ని చిన్నతనంగా భావించలేదు. బోహ్దాన్ బుతెంకో, యూజెఫ్ విల్కోన్ వంటి వారి కృషితో అక్కడ బలమైన సంప్రదాయం ఏర్పడింది. 1989లో కమ్యూనిస్టు పాలన ముగిశాక పాత ప్రచురణ వ్యవస్థ చెదిరిపోయింది. త్వరగా అమ్ముడుపోయే పుస్తకాలు మార్కెట్‌ను నింపాయి. ప్రయోగాలు చేసే బొమ్మల పుస్తకాలకు చోటు తగ్గింది. మరోవైపు దక్షిణ కొరియాలో పిల్లల పుస్తకాల ప్రచురణ వేగంగా పెరుగుతూ వచ్చింది. అలా ఈమె పుస్తకాలు అనేకం స్వదేశంలో కన్నా ముందు కొరియాలో వెలువడ్డాయి.

వాటిలో ఒకటి కొరియా పిల్లల కోసం చేసిన అక్షరమాల పుస్తకం. కొరియా లిపిని హంగుల్ అంటారు. సెజోంగ్ రాజు కాలంలో రూపొందిన ఈ లిపిని 1446లో ప్రజలకు ప్రకటించారు. అందులో మొదటి హల్లు మన 'క', 'గ'లకు దగ్గరి ధ్వని. గీత అడ్డంగా సాగి, కుడి చివర కిందికి దిగుతుంది. ఆ ధ్వని పలికేటప్పుడు నాలుక వంగే తీరే ఆ ఆకారమని ఆనాటి వివరణ గ్రంథమే చెబుతుంది.

ఒక దేశం కోసం బొమ్మలు వేయమంటే దుస్తులు, పండుగలు, కట్టడాలు వేయడం సులువైన దారి. ఈ పుస్తకం అక్కడ మొదలుకాదు. ఇందులో ఒక్కొక్క హల్లుతో మొదలయ్యే మాటలకు, అదే హల్లు ఆకారంలో బొమ్మలు ఉంటాయి. మన వాచకాల్లో 'ఆ' పక్కన ఆవు బొమ్మ ఉంటుంది. ఇక్కడ బొమ్మ అక్షరం పక్కన కాక అక్షరంలోనే ఉంటుంది. రోజూ చూసే లిపిని కొరియా పిల్లలు ఒక పరాయి దేశస్థురాలి కళ్లతో మళ్లీ చూశారు.

స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో 1967 నుంచి రెండేళ్లకోసారి పిల్లల పుస్తకాల మూలచిత్రాల అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతోంది. 2007లో అక్కడ ఈమె చిత్రాలకు 'బంగారు ఆపిల్' పురస్కారం లభించింది. పోలండ్ చేతి పని, స్లొవేకియా గోడ! భాష రాకపోయినా గీత, రంగు, కూర్పు చూపరులకు అందుతాయి.

కానీ బొమ్మకు భాషతో పనిలేదని దీన్నిబట్టి అనుకోకూడదు. ఈ పుస్తకాన్ని తెలుగులోకి అనువదించగలమా? కొరియా భాషలో ఒక హల్లుతో మొదలయ్యే మాట తెలుగులో మరో అక్షరంతో మొదలవుతుంది. ఆకారమూ కలవదు. దీన్ని అనువదించలేం, మన అక్షరాలతో కొత్తగా చేసుకోవాలి. వినిమయంలో కొన్ని వస్తువులు దాటి వస్తాయి, కొన్నిటి పద్ధతి మాత్రమే దాటి వస్తుంది.

మరో ఉదాహరణ చూడండి. కొరియా రచయిత్రి కిమ్ హీ-క్యుంగ్ మాటలకు హ్మ్యెలెవ్‌స్కా బొమ్మలు వేసిన 'మాఉమ్' పుస్తకానికి 2011లో ఇటలీలోని బొలోన్యా పుస్తక ప్రదర్శన పురస్కారం వచ్చింది. మనసును తలుపులు, గదులు ఉన్న ఇల్లుగా చూపే పుస్తకమది. 'మాఉమ్' అంటే హృదయం, ఆలోచన రెండూ. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరువేరు మాటలు కావాలి. తెలుగులో 'మనసు' అంటే చాలు. దూరపు భాష ఒక్కోసారి ఇలా దగ్గరి చుట్టమవుతుంది.

2013లో అదే పురస్కారం పొందిన 'కళ్లు' పుస్తకంలో పుటలకు కళ్ల ఆకారంలో రంధ్రాలు ఉంటాయి. పుట తిప్పగానే ఆ కళ్లు మరొకటిగా మారిపోతాయి. గోడకు తగిలిస్తే ఆ మార్పు కనిపించదు. అందుకే ఇలస్ట్రేషన్ల ప్రదర్శనకు వెళ్లినప్పుడు చిత్రాన్ని చూసి ఊరుకోకండి. దాని పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి.

ఆమె మరో పుస్తకం 'బ్లూమ్‌కా డైరీ'. వార్సాలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు, రచయిత నడిపిన యూదు బాలల అనాథాశ్రమం దాని ఇతివృత్తం. ఆ ఆశ్రమానికి మన దేశంతో మరువలేని సంబంధం ఉంది. నాజీలు యూదులను నిర్బంధించిన గెట్టోలో, 1942 జులై 18న, ఆ పిల్లలు రవీంద్రనాథ్ టాగూర్ 'డాక్ ఘర్' నాటకం ప్రదర్శించారు. జబ్బుతో గది దాటలేని అమల్ అనే బాలుడు కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ అది. మూడు వారాలు తిరగకముందే కోర్చాక్‌ను, సుమారు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. తాను తప్పించుకునే అవకాశం ఉన్నా ఆయన పిల్లలను విడిచిపెట్టలేదు.

ఆ నాటకాన్ని అక్కడికి ఏ ప్రభుత్వమూ పంపలేదు. బెంగాలీలో పుట్టిన కథను, ఆకలితో, భయంతో ఉన్న వార్సా పిల్లలు తమ మాటల్లో, తమ గొంతుతో పలికారు. ఒక సంస్కృతి మరొక సంస్కృతికి ఇవ్వగలిగినదేమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు. పరాయి కళను చూసి మెచ్చుకోవడం వినిమయానికి తొలి మెట్టు మాత్రమే. దాన్ని మన పనిలోకి, మన అవసరంలోకి తెచ్చుకున్నప్పుడే అది పూర్తవుతుంది.

చివరగా మీకొక చిన్న పని. 'ఠ' అక్షరాన్ని ఒక తెల్లకాగితం మీద పెద్దగా రాయండి. మొదటిసారి చూస్తున్నట్టు చూడండి. గుండ్రని గీత, నడుమ చుక్క. కన్నులా ఉందా? బావిలోకి తొంగిచూస్తున్నట్టుందా? ఆ ఆకారం నుంచి బొమ్మ కట్టండి. ఆపైన మీకు చదవడం రాని మరో భారతీయ లిపిలో ఒక అక్షరం ఎంచుకుని, అది తెలిసిన స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అదే పని చేయండి. ఎక్కడ అతన్ని అడగక తప్పలేదో రాసుకోండి. వినిమయం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.