క్రీడాకారిణులకు నేర్పుతున్నది మాటా, మౌనమా?

(కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటలాడే ఆడపిల్లలకు మర్యాదలూ, నలుగురిలో మాట్లాడే నేర్పూ ఎలా అలవాటు చెయ్యాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఆటల సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అయితే ఇలాంటి తరగతి ఒకసారి నేనూ తీసుకున్నాను. అక్కడ పడ్డ ఇబ్బందితోనే మొదలుపెడతాను.

ఒక డిగ్రీ కళాశాలలో కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్ జట్ల అమ్మాయిలకు రెండు రోజుల శిక్షణ అది. నిర్వాహకులు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చోవాలి. గట్టిగా నవ్వకూడదు. బహుమతి తీసుకునేటప్పుడు వేదిక మీది పెద్దలకు నమస్కరించాలి. విలేకరులు అడిగితే తల్లిదండ్రులకూ కోచ్‌కూ యాజమాన్యానికీ కృతజ్ఞతలు చెప్పాలి. వివాదం రేపే విషయాలు మాట్లాడకూడదు. చివరిది, ఫోర్కు ఎడమచేత్తో పట్టుకోవాలి. ఆ హాస్టల్లో ఆటల పిల్లలకు ఇస్తామన్న గుడ్డూ పాలూ నెల రోజులుగా ఇవ్వడం లేదని మొదటిరోజు మధ్యాహ్నానికే తెలిసింది. గుడ్డు సంగతి వార్డెన్‌ని ఎలా అడగాలో మాత్రం ఆ కాగితంలో లేదు.

పక్క గదిలో అబ్బాయిలకు కూడా తరగతి జరుగుతోంది. వాళ్ల కాగితం అడిగి తీసుకున్నాను. జట్టును నడిపించడం, అంపైరు నిర్ణయం మీద అభ్యంతరం తెలిపే పద్ధతి, ఉద్యోగ ఇంటర్వ్యూ - ఇవీ వాళ్ల పాఠాలు. కూర్చునే తీరు గురించి ఒక్క ముక్క లేదు. ఒకే కళాశాల, ఒకే శిక్షణ, ఒకే బడ్జెట్. అబ్బాయిలకు మాట నేర్పుతున్నాం. అమ్మాయిలకు మాట పేరుతో ఒద్దిక నేర్పుతున్నాం.

ఇది చూసి ఈ తరగతులే వద్దు అనేయడం స్త్రీవాదులకు తేలిక. ఆ పూట నేనూ అదే అన్నాను. అమ్మాయిలు ఒప్పుకోలేదు. లాంగ్ జంప్ చేసే ఒకమ్మాయి లేచి, "మీకు ఇవన్నీ ముందే వచ్చు కదా మేడం, అందుకే వద్దంటున్నారు" అంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పిలుపొస్తే బోర్డు ముందు నోరు పెగలదనీ, రైల్వే టీముల ఎంపికకి పోయినప్పుడు పెద్ద హోటల్లో భోజనానికి కూర్చోవాలంటే ఆకలి చచ్చిపోతుందనీ చెప్పింది. ఆమె చెప్పింది నిజం. ఇంగ్లీషు వినబడే ఇంట్లో పుట్టడం వల్ల నాకు ఉచితంగా వచ్చినవాటిని ఆ పిల్లకి అక్కర్లేదనడం నా అహంకారం. కూలి చేసుకునే ఇంటి నుంచి, దళిత వాడల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలే ఇవాళ మన మైదానాల్లో ఎక్కువగా ఉన్నారు. వాళ్లకు ఫోర్కూ నేర్పాలి, ఇంటర్వ్యూ కూడా నేర్పాలి. అయితే ఏ ఉద్దేశంతో నేర్పుతున్నామన్నది ముఖ్యం.

ఇక మాట్లాడ్డం సంగతి. కబడ్డీ జట్టు కెప్టెన్‌ని ముందుకు పిలిచి మూడు నిమిషాలు మాట్లాడమన్నాను. "నాకు మాట్లాడ్డం రాదు మేడం" అని చున్నీ కొస మెలిపెడుతూ నిలబడిపోయింది. సాయంత్రం టీ దగ్గర అదే అమ్మాయి తాము ఫైనల్‌ ఎలా గెలిచిందీ చెబుతుంటే చుట్టూ ఇరవై మంది మూగారు. ఎవరు ఎటు కదిలారో, చివరి కూతలో తను గీత ఎలా అందుకుందో, రెఫరీ ఏమన్నాడో, అన్నీ కళ్లకు కట్టించింది. కబడ్డీలో కూత ఆగితే అవుట్ కదా! ఊపిరి బిగబట్టి, ఎదుటివాళ్ల కోర్టులో, ఏడుగురి మధ్య గొంతు తెగకుండా కూత పెట్టగల పిల్లకి మాట్లాడ్డం రాదా? మన ముందు, మన భాషలో, మన కుర్చీల వరసలో రావడం లేదు. వేదిక మీద ఆమె పుస్తకాల తెలుగు కోసం వెతుక్కుంది. టీ దగ్గర తన ఊరి తెలుగు మాట్లాడింది. శ్రీకాకుళం యాసనో, పాలమూరు యాసనో చూసి మనం నవ్వినంతకాలం ఆ పిల్లలు వేదిక ఎక్కి నోరు తెరవరు.

భాషలోనే ఉంది చాలా. ఆటగాడు అంటే గౌరవం. దానికి స్త్రీలింగంగా ఉండాల్సిన 'ఆటకత్తె'ని మన సమాజం ఎవరికి అంటగట్టిందో మీకు తెలుసు. అందుకే సంస్కృతం నుంచి 'క్రీడాకారిణి'ని తెచ్చుకున్నాం. మగవాడికి నోరుంటే నాయకుడు. ఆడదానికి నోరుంటే గయ్యాళి.

పేరున్న క్రీడాకారిణులు ఎదురు మాట్లాడితే మనం చప్పట్లు కొడతాం. 2017లో ప్రపంచకప్‌కు ముందు మిథాలీ రాజ్‌ని, మీ అభిమాన పురుష క్రికెటర్ ఎవరని ఒక విలేకరి అడిగాడు. మగ క్రికెటర్లను ఇదే ప్రశ్న అడుగుతారా అని ఆమె తిరిగి అడిగింది. 2016లో సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆమె ఆత్మకథ విడుదలైన సందర్భంలో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఎప్పుడు స్థిరపడతారు, మాతృత్వం సంగతేమిటి అని అడిగారు. నేను నంబర్ వన్‌గా ఉండటం స్థిరపడటం కాదా అన్న అర్థంలో ఆమె గట్టిగా జవాబిస్తే, అడిగినాయన అక్కడే క్షమాపణ చెప్పాడు. ఈ రెండు సంఘటనలూ అమ్మాయిలకు తప్పకుండా చెప్పండి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. వాళ్లిద్దరూ అప్పటికే శిఖరం మీద ఉన్నారు. వాళ్లను జట్టు నుంచి తీసేస్తానని బెదిరించగల మనిషి ఆ గదిలో లేడు.

అలాంటివాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు ఏమవుతుందో 2023లో చూశాం. వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్ తదితరులు సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో జనవరిలో ఒకసారి, ఏప్రిల్లో మళ్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. సుప్రీంకోర్టుకు వెళ్లాకే పోలీసులు కేసు నమోదు చేశారు. అప్పుడు భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష, ఇలా వీధికెక్కడం క్రమశిక్షణ కాదన్నారు. విమర్శలు వచ్చాక మే మొదట్లో శిబిరానికి వెళ్లి వాళ్లను కలిశారు. ఆమెను నిందించడానికి ఇది చెప్పడం లేదు. 1984 లాస్ ఏంజిలెస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆడపిల్ల పరుగెత్తడమే వింతైన రోజుల్లో పరుగెత్తింది. అలాంటి స్త్రీ నోట కూడా మొదట 'క్రమశిక్షణ' అన్న మాటే వచ్చిందంటే, ఆ పాఠం మనందరికీ ఎంత లోతుగా వంటబట్టిందో చూడండి. మే 28న పార్లమెంటు కొత్త భవనం వైపు నడుస్తుంటే పోలీసులు ఆ పతక విజేతలను ఈడ్చుకెళ్లారు. జూన్‌లో చార్జిషీటు దాఖలైంది. వీళ్లకు మాట్లాడే నేర్పు తక్కువై ఇదంతా జరగలేదు. వినాల్సినవాళ్లు వినలేదు.

ఇప్పుడు చట్టం. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం 'పని స్థలం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో క్రీడా సంస్థలు, స్టేడియంలు, పోటీలు జరిగే చోట్లు స్పష్టంగా ఉన్నాయి. యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం కళాశాల ఆవరణ అంటే గేటు లోపలిది మాత్రమే కాదు, క్రీడా పోటీలకు వెళ్లిన ఊరు, క్యాంపు, వెళ్లే వాహనం కూడా. విద్యార్థినులకు సంబంధించిన విషయమైతే అంతర్గత కమిటీలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, మూడు నెలల్లో ఇవ్వాలి. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి కమిటీయే సాయం చెయ్యాలి. ఈ నాలుగు ముక్కలు నేను చూసిన ఏ వ్యక్తిత్వ వికాస పుస్తకంలోనూ లేవు.

రెండో రోజు ఆ కాగితం పక్కనపెట్టాను. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టి కొన్ని మాటలు పైకి అనిపించాను. "నాకు నెలసరి వచ్చింది సార్, ఈ రోజు వెయిట్స్ ఎత్తను." "మసాజ్‌కి ఆడమనిషి ఉంటేనే చేయించుకుంటాను." "ఎంపికలో నా పేరెందుకు లేదో రాతపూర్వకంగా చెప్పండి." వినడానికి చిన్న వాక్యాలు. మొదటిది అనడానికే ఒకమ్మాయికి అరగంట పట్టింది. 'కడుపునొప్పి' అంటోంది, నవ్వుతోంది, కూర్చుంటోంది. చివరికి అన్నప్పుడు మిగతావాళ్లు ఈల వేశారు. నిర్వాహకులు తలుపు దగ్గర నిలబడి మొహం చిట్లించుకున్నారు.

సాయంత్రం నా సంచిలో ఒక చీటీ దొరికింది. బయటి ఊరి పోటీలకు వెళ్లినప్పుడు ఆడ సిబ్బంది ఎవరూ వెంట రారనీ, రాత్రి పదకొండింటికి హాజరు పేరుతో కోచ్ గది తలుపు కొడతాడనీ ఉంది అందులో. ఎవరు రాశారో తర్వాత తెలిసింది. నలుగురమ్మాయిలు కలిసి ఫిర్యాదు రాశారు, నేను పక్కన కూర్చున్నాను. కమిటీ కాగితం మీద ఉంది గానీ అప్పటికి రెండేళ్లుగా సమావేశం కాలేదు, విద్యార్థి సభ్యులే లేరు. మొత్తానికి విచారణ జరిగింది. కోచ్‌ని వేరే చోటికి పంపారు. ఇప్పుడు జట్టుతో ఒక మహిళా అధ్యాపకురాలు వెళ్తోంది. చీటీ రాసిన అమ్మాయి పేరు మాత్రం తర్వాతి సీజన్ జట్టులో లేదు. కారణం 'ఫామ్' అన్నారు.

మీరు చెప్పండి, నేను ఆ పిల్లకి మేలు చేశానా? మాట నేర్పి నా దారిన నేను వచ్చేశాను. ఖరీదు ఆమె కట్టింది. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధింపు ఉండకూడదని యు.జి.సి. నిబంధన చెబుతోంది, నిజమే. జట్టు ఎంపికలో కక్షను రుజువు చెయ్యడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఎంపికకు మార్కులు, రికార్డులు బహిరంగంగా పెట్టే పద్ధతి ఉండి ఉంటే ఆమె నిలదీయగలిగేది. ఆ పని అమ్మాయిలు చెయ్యలేరు. ఇక్కడ కూర్చున్న మనం చెయ్యగలం.

తేడా ఎక్కడొస్తుందో చెప్పడానికి ఇద్దరి పేర్లు చాలు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన శాంతి సౌందరరాజన్ లింగ పరీక్ష పేరుతో పతకం పోగొట్టుకుంది. ఆమె పక్షాన గట్టిగా నిలిచి వాదించినవాళ్లు ఆనాడు లేరు. 2014లో అలాంటి కారణాలతోనే ద్యుతీ చంద్‌ను ఆపినప్పుడు ఆమె వెనక న్యాయవాదులు, పరిశోధకులు నిలబడ్డారు. 2015లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనను తాత్కాలికంగా నిలిపివేసింది. శాంతికి ద్యుతి కంటే మాట్లాడ్డం తక్కువ వచ్చని ఎవరంటారు?

మాట ధారాళంగా ఉండాలనీ లేదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవంజి మేధో వైకల్యంతో ఊళ్లో ఎగతాళి పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఆమె దగ్గర గడగడా ఉపన్యాసం ఆశించడం కంటే, ఎగతాళి చేసిన నోళ్లకు మర్యాద నేర్పడం మీద మన బడ్జెట్ ఖర్చుపెడితే బాగుంటుంది.

మధ్యాహ్నం మీరు గుంపులుగా కూర్చుని పాఠ్యప్రణాళిక తయారు చెయ్యాలని కార్యక్రమంలో ఉంది. దానికి ముందు ప్రతి ఒక్కరూ ఒక కాగితం తీసుకుని మీ కళాశాల కమిటీలో ఉన్న ముగ్గురు విద్యార్థుల పేర్లు రాయండి. తెలియకపోతే ఖాళీగా ఇవ్వండి. ఆ కాగితాలు చూశాక పాఠాల సంగతి మాట్లాడుకుందాం.