కోట గుడిలో లేని పేర్లు

ఇక్కడ చెన్నైలోనే, సెయింట్ జార్జి కోటలో ఉన్న సెయింట్ మేరీస్ చర్చి గురించి నాలుగు మాటలు చెబుతాను. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు చందాలు వేసుకుని కట్టిన గుడి అది. 1678లో పని మొదలైంది, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. ఫిరంగి గుండ్లను తట్టుకునేలా గోడలూ పైకప్పూ మందంగా కట్టారు.

ఇప్పటికీ అక్కడ ఆరాధన జరుగుతుంది. అయినా లోపలికి వెళితే మ్యూజియంలో అడుగుపెట్టినట్టే ఉంటుంది. ప్రభువు బల్ల వెనుక రాత్రి భోజనపు చిత్రం. గోడల మీద పాలరాతి శిల్పాలు. తంజావూరులో సేవచేసిన ష్వార్ట్జ్ మిషనరీ మరణశయ్యను శిల్పి బేకన్ చెక్కిన తీరు చూస్తే కళ్లు చెమరుస్తాయి. బయట ఆవరణలో పాత సమాధి రాళ్లు పరిచి ఉన్నాయి.

ఆ గుడిలో మొదట జరిగిన పెళ్లి ఎలైహు యేల్‌ది, 1680లో. ఆయన 1687 నుండి 1692 వరకు మద్రాసు గవర్నరు. ఆ రోజుల్లో కంపెనీ ఇక్కడి మనుషులను బానిసలుగా ఓడలెక్కించి సెయింట్ హెలీనా దీవికి పంపింది. కరువొస్తే గుప్పెడు గింజల కోసం తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకున్న కాలం. ఈ కోరమాండల్ తీరంలో మన తెలుగు తీరం కూడా ఉంది. అలా పోయినవాళ్లకు ఆ గోడల మీద ఒక్క పలకైనా లేదు. యేల్ పేరుతో నడిచే అమెరికా విశ్వవిద్యాలయం, బానిసత్వంలో తన పెద్దల పాత్రకు 2024లో క్షమాపణ చెప్పింది.

ఆ రాళ్లు తీసేయమని నేను అనడం లేదు. అవి ఉండాలి, వాటి పక్కన మిగతా కథ కూడా ఉండాలి. అందరినీ ఒకే బల్ల దగ్గరికి పిలిచిన ప్రభువు చిత్రం అక్కడే వేలాడుతోంది. ఆ బల్లకు దూరమైనవాళ్లెవరని అడగడం కూడా భక్తే.

ఇక మన సంగతి. మన ఊళ్లలో పాత గుళ్ల శంకుస్థాపన రాళ్ల మీద దొరల పేర్లుంటాయి. ఇటుకలు మోసిన మాల మాదిగ తల్లుల పేర్లు ఉండవు. వాళ్లను ఎరిగిన ముసలివాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. ఈ సంవత్సరం ప్రతి సంఘమూ వాళ్ల దగ్గర కూర్చుని ఆ పేర్లు రాయించుకోవాలి. రాసినవి గుడిలోనే, అందరికీ కనబడేచోట పెట్టాలి.